పదకొండు గ్లాసుల గవరయ్య

ఊడుగలంకలో గాజుల గవరయ్య ఇంట్లో నలుగురు మనుషులు. నలుగురూ మహా తెలివైనవాళ్ళు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవాళ్ళు. రోజూ పొద్దున్నే మొహాలు కడుక్కుని, అరుగు మీద వరసగా కూచుని, "మనం గాని లేకపోతే ఈ ఊరు ఏమైపోయేదో" అని ఒక్కసారి అనుకుని, అప్పుడు పనుల్లోకి దిగేవాళ్ళు.

అంత తెలివి ఒకే ఇంట్లో ఉండడం కూడా ఇబ్బందే. నలుగురూ ఒకేసారి ఆలోచిస్తే ఆలోచనలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయని వంతులు వేసుకున్నారు. శని, మంగళవారాలు గవరయ్య తల్లి అచ్చమ్మ ఆలోచిస్తుంది. ఆది, బుధవారాలు తమ్ముడు ఏడుకొండలు. సోమ, గురువారాలు గవరయ్య పెళ్ళాం సుబ్బాయమ్మ. శుక్రవారం ఒక్కటీ గవరయ్యది. తన వంతు కాని రోజు ఎవరికైనా పొరపాటున ఆలోచన వచ్చిందా, దాన్ని నోట్లోనే ఆపుకుని వంతు వచ్చేదాకా కూచోవాలి. ఓ ఆదివారం వంటపాక అంటుకుంది. నీళ్ళు పొయ్యాలని సుబ్బాయమ్మకి వెంటనే తోచింది. తోచినా పద్ధతి తప్పలేదు, పెదవి విప్పలేదు. సోమవారం పొద్దున్నే చెప్పింది. ఇంకేముంది, నలుగురూ నాలుగు బిందెల నీళ్ళు తెచ్చి బూడిద మీద పోసి, "ఎంత మంచి ఆలోచనే!" అని ఆవిణ్ణి మెచ్చుకున్నారు.

గవరయ్య పని గాజులు తొడగడం. గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. ఆ చేతిలో ఏం మహిమ ఉందో గాని, ఆడవాళ్ళ చెయ్యి అందుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, గాజు ఇలా తోశాడంటే అలా మణికట్టు మీద ఉండేది. నొప్పన్నది తెలిసేది కాదు. పనిలో వంక పెట్టడానికి లేదు పాపం. వంకంతా కాఫీ దగ్గరొచ్చింది.

రోజుకి పదకొండు గ్లాసులు తాగేవాడు మహానుభావుడు. మంచం దిగడానికి ఒకటి, దిగినందుకు ఒకటి. మలారం ఎత్తుకునే ముందు ఒకటి, ఎత్తుకున్నాక బరువుగా ఉందని కిందకి దింపి ఇంకొకటి. అన్నానికి ముందు ఆకలి వెయ్యడానికి, అన్నం తిన్నాక అరగడానికి. ఎండగా ఉంటే ఎండకి, వానొస్తే వానకి, ఎండా వానా లేకపోతే ఏమీ తోచక. తాగగా తాగగా చేతులు వణకడం మొదలెట్టాయి. తొడగబోతే గాజులు చిట్లిపోతున్నాయి.

"నీ చెయ్యి బాగానే ఉంది అన్నాయ్. గాజులే నిన్ను చూసి భయపడుతున్నాయి" అన్నాడు ఏడుకొండలు. అది నిజమేననుకుని గవరయ్య కొన్నాళ్ళు గాజులకి ధైర్యం చెబుతూ తిరిగాడు.

ఇలా ఉండగా ఓ శుక్రవారం రైసుమిల్లు వెంకాయమ్మగారు కబురు పెట్టింది. ఆవిడ కూతురు హైమావతి ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఆ పిల్లకి ముచ్చటగా అరడజను గాజులు తొడగబోయాడు. అంతే, ఆరూ చిట్లాయి. పీట చుట్టూ ఆకుపచ్చ ముక్కలు.

వెంకాయమ్మగారు అరవలేదు. అరిచినా బాగుండేది. నిదానంగా అంది: "గవరయ్యా, మా అత్తగారికి మీ తాత తొడిగాడు. నాకు మీ నాన్న తొడిగాడు. ఈ గడపలో గాజంటే మీ ఇంటిదే. వచ్చే శుక్రవారం అమ్మాయికి శ్రీమంతం. చేతికి ఇరవై ఒక్క గాజు తొడగాలి. ఆ రోజు ఒక్కటంటే ఒక్కటి పగిలినా నువ్వు మళ్ళీ మా గడప తొక్కొద్దు. పక్కూరివాళ్ళని పిలుచుకుంటాం."

గవరయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి ఏడ్చాడు. మూడు తరాల గడప. తాత తొక్కిన గడప, నాన్న తొక్కిన గడప, తన చేతుల మీదుగా పోతోంది. ఆ బాధలో ఏమీ తోచక సుబ్బాయమ్మని కాఫీ అడిగాడు. తాగుతూ ఏడ్చాడు, ఏడుస్తూ తాగాడు. ఆ వేళ ఆలోచించే వంతు తనదే అయినా ఏడవడానికే సరిపోయింది. ఇక మర్నాటి దాకా ఎవరూ ఏమీ ఆలోచించలేదు.

శనివారం అచ్చమ్మ కొడుకుని వైద్యం చేసే ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆచారిగారు నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే ఆయన చెయ్యి కూడా ఊగింది. వదిలేసి, "కాఫీ ఎంత తాగుతావురా?" అన్నాడు.

"ఎక్కువేం కాదండి. గ్లాసుడే. పదకొండుసార్లు."

"అదీ సంగతి. మానెయ్యి. అయితే ఒక్కసారిగా మానితే తట్టుకోలేవు, కొంచెం కొంచెంగా తాగు. మానేటప్పుడు తలనొప్పి వస్తుంది, కంగారు పడకు. తలనొప్పి వచ్చిందంటే కాఫీ నిన్ను వదులుతోందని గుర్తు."

"ఆయ్, అలాగేనండి" అని దణ్ణం పెట్టి వచ్చారు. దారి పొడుగునా అచ్చమ్మ, "కొంచెం కొంచెంగా, కొంచెం కొంచెంగా" అని మర్చిపోకుండా పాఠంలా చదువుకుంటూనే ఉంది. ఇంటికి రాగానే అటక ఎక్కి ఉగ్గుగిన్నె దింపింది. గవరయ్య పసివాడుగా ఉన్నప్పుడు ఆముదం పోసిన గిన్నె అది.

"గ్లాసుతో తాగితే ఒక్కసారిగా తాగినట్టురా నాయనా. దీంతో అయితే కొంచెం కొంచెంగా" అంది.

అంతే, కొడుకుని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పొయ్యడం మొదలెట్టింది. నలభై అయిదేళ్ళ గవరయ్య, మీసాలతో సహా, బుద్ధిగా నోరు తెరిచాడు. చుక్క చుక్కగా, గుటక గుటకగా పదకొండు గ్లాసుల కాఫీ సాయంత్రం దీపాల వేళకి అయింది. మధ్యలో లేవడానికి వీల్లేకపోయింది, మలారం ఎత్తడానికి తీరిక లేకపోయింది. అచ్చమ్మ మోకాళ్ళు పట్టేశాయి. అయినా సంబరంగా, "ఒక్కసారి కూడా ఎక్కువ తాగలేదు నా తండ్రి" అని మెటికలు విరిచింది.

పరీక్షకి సుబ్బాయమ్మ చెయ్యి చాచింది. గవరయ్య గాజు పట్టుకున్నాడు. టప్పుమంది.

"కాఫీ ఇంకా నిన్ను వదల్లేదే!" అని ముగ్గురూ దిగాలు పడ్డారు.

ఆదివారం ఏడుకొండలు వంతు. వాడు పొద్దున్నే అన్నగారి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచున్నాడు.

"అన్నాయ్, తలనొప్పి వచ్చిందా?"

"రాలేదురా."

"అదే మరి! తలనొప్పి వస్తేనే కాఫీ వదిలినట్టు అన్నారు ఆచారిగారు. అది రాకుండా ఇది ఎలా పోతుంది? మనం చెయ్యాల్సిన పని కాఫీ మానడం కాదు, తలనొప్పి తెప్పించడం."

ఆ మాటకి అచ్చమ్మ, సుబ్బాయమ్మ ముక్కు మీద వేలేసుకున్నారు. ఎంత లోతు ఆలోచన! ఇంకేముంది, తలనొప్పి కోసం ఎదురుచూపులు. మధ్యాహ్నం దాకా చూశారు, రాలేదు. అడుగడుగునా కాఫీ తాగుతూ చూస్తే అదెందుకొస్తుంది? చివరికి ఏడుకొండలు ఇత్తడి బిందె పట్టుకుని అటక ఎక్కాడు. గవరయ్య సరిగ్గా దాని కింద పీట వేసుకుని కూచున్నాడు.

"వదిలెయ్యనా అన్నాయ్?"

"వదిలెయ్యరా తమ్ముడూ, నేను మానెయ్యాలి."

బిందె పడింది. గవరయ్య పీట మీంచి పక్కకి ఒరిగాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, తల పట్టుకుని, చిన్నగా నవ్వాడు. "వచ్చిందిరా!"

"వచ్చింది, వచ్చింది!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టారు. అచ్చమ్మ కొడుక్కి దిష్టి తీసింది. సుబ్బాయమ్మకి ఆనందం పట్టలేక కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఇంత మంచి కబురు విన్నాక నోరు తీపి చేసుకోకపోతే ఎలా? పంచదార ఎక్కువేసి, చిక్కటి కాఫీ కలిపి, గవరయ్య కాఫీ మానినందుకు నలుగురూ తలో రెండు గ్లాసులు తాగారు. సన్మానం తనకే కాబట్టి గవరయ్య మూడు తాగాడు.

ఆ సాయంత్రం పరీక్షలో రెండు గాజులు పగిలాయి. తల మీద బొప్పి మాత్రం పగల్లేదు.

సోమవారం సుబ్బాయమ్మ లేస్తూనే, "మీరంతా మగాళ్ళ ఆలోచనలు చేస్తున్నారు" అని తన అత్తగారితో సహా అందరినీ కసిరింది. "మా పెద్దమ్మ కాశీ వెళ్ళినప్పుడు గంగలో మునిగి కాకరకాయ వదిలేసింది. ఆ తర్వాత చచ్చేదాకా కాకరకాయ నోట పెట్టలేదు. వదిలెయ్యడమంటే అలా వదిలెయ్యాలి."

"కాశీ వెళ్ళి శుక్రవారానికి తిరిగి రాగలమా?" అన్నాడు గవరయ్య.

"గంగ ఎక్కడున్నా గంగే. మన పంటకాలవ చాల్దూ?"

నలుగురూ కాఫీపొడి డబ్బా, ఇత్తడి ఫిల్టరు పట్టుకుని కాలవకి వెళ్ళారు. గవరయ్య మొలలోతు నీళ్ళలో దిగి, కళ్ళు మూసుకుని, "అమ్మా గంగమ్మా, నాకెంతో ఇష్టమైన కాఫీని నీకు వదిలేస్తున్నాను" అని భక్తిగా డబ్బా బోర్లించాడు. పొడి పోయింది. ఫిల్టరు కూడా వదిలాడు. బుడుంగున మునిగింది.

గట్టు మీంచి అచ్చమ్మ గుండె బాదుకుంది. "ఒరే గవరా, కాఫీ వదిలెయ్యమంటే ఫిల్టరెందుకు వదిలావురా! అదేం పాపం చేసింది? మీ నాన్న ఏలూరు సంతలో కొన్నది!"

అంతే. ఏడుకొండలు దూకాడు. వాడికి ఈత రాదని గుర్తొచ్చి వాణ్ణి పట్టుకోవడానికి సుబ్బాయమ్మ దూకింది. ఆవిడకీ రాదు. కాలవ మొలలోతే కాబట్టి ఇద్దరూ నిలబడే మునిగిపోతున్నామని కేకలు పెట్టారు. గవరయ్య మూడుసార్లు మునిగి, నాలుగోసారి ఫిల్టరుతో లేచాడు. నలుగురూ తడిసి ముద్దయి, చలికి పళ్ళు టకటకలాడించుకుంటూ ఇంటికొచ్చారు. తడిసినవాళ్ళకి వేడివేడిగా ఏదైనా పడాలి కదా? పక్కింట్లో కాఫీపొడి చేబదులు తెచ్చి, బతికి బయటపడ్డ ఫిల్టరులోనే డికాషను దింపారు.

"మనం వదిలింది మన పొడి. ఇది పక్కింటి వాళ్ళది. దోషం లేదు" అని సుబ్బాయమ్మ అందరికీ ధైర్యం చెప్పింది.

మంగళవారానికి ఇంకా మూడు రోజులే మిగిలాయి. గవరయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. అచ్చమ్మ మళ్ళీ ఆచారిగారి దగ్గరికి లాక్కెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. అంతా విని ఆచారిగారు రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. కొంచెం కొంచెంగా వద్దు. అసలు వద్దు. వాడు తాగకూడదు. అంతే. కాఫీ అన్నది వాడి కంట పడకూడదు."

ఈసారి చాలా తేలిగ్గా అర్థమైంది. ఇంటికి రాగానే అచ్చమ్మ తువ్వాలు మడత పెట్టి కొడుకు కళ్ళకి గట్టిగా కట్టేసింది. ఇక కాఫీ కంట పడే ప్రసక్తే లేదు. మిగిలింది ఒక్కటే చిక్కు.

"వీడి పదకొండు గ్లాసులూ ఏం చేద్దాం?" అంది అచ్చమ్మ. "ఆచారిగారు వీణ్ణి తాగొద్దన్నారు గాని, కాఫీ పెట్టొద్దని అన్లేదే."

అన్లేదు నిజమే. రోజూ పెట్టే కాఫీ పెట్టకపోతే ఎలా? పెట్టాక పారబొయ్యడానికి చేతులెలా వస్తాయి? అందుకని గవరయ్య వంతు కాఫీ మిగతా ముగ్గురూ పంచుకోవాలని తీర్మానించారు. అచ్చమ్మకి నాలుగు, సుబ్బాయమ్మకి నాలుగు, ఏడుకొండలుకి మూడు. ఎవరి మామూలు గ్లాసులు వాళ్ళకి పైన.

"నీ కోసమే తాగుతున్నాం అన్నాయ్" అని ఏడుకొండలు గ్లాసు గ్లాసుకీ చెప్పి మరీ తాగేవాడు.

బుధవారం గవరయ్యకి నిజం తలనొప్పి వచ్చింది. బిందె తలనొప్పి దీని ముందు ఏ మూలకీ రాదు. కణతలు పగిలిపోతున్నాయి, ఒళ్ళంతా చిరాకు, ఈగ వాలినా ఏడుపొస్తోంది. వంటింట్లోంచి డికాషను వాసన వచ్చినప్పుడల్లా గుటకలు మింగాడు. ఓసారి ఆగలేక లేచి తడుముకుంటూ వెళ్ళాడు కూడా. గంతలున్నాయి కాబట్టి వంటింటి బదులు పెరట్లోకి వెళ్ళి కుడితి గోలెంలో చెయ్యి పెట్టాడు. వెనక్కొచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, "నావల్ల కాదే అమ్మా" అన్నాడు.

అచ్చమ్మకి తెలివి సంగతి ఎలా ఉన్నా ప్రాణం మాత్రం కొడుకే. తల నొక్కుతూ కూచుంది. "గడప పోతుందిరా నాయనా. ఓర్చుకో" అంది. గవరయ్య ఓర్చుకున్నాడు. ఎందుకో ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ ఎవరి తెలివినీ మెచ్చుకోలేదు.

గురువారం పొద్దున్నకి తలనొప్పి తగ్గింది. గవరయ్య గంతలతోనే ఒక గాజు తీసుకుని అరచేతిలో నిలువుగా పెట్టుకున్నాడు. గాజు కదల్లేదు. సుబ్బాయమ్మ చెయ్యి అందుకుని తొడగబోతే ఆ చెయ్యే గడగడలాడుతోంది. అయినా గట్టిగా పట్టుకుని, మెత్తగా తోశాడు. ఎక్కింది. ఇంకొకటీ ఎక్కింది. డజను ఎక్కాయి.

"ఎందుకే అలా వణికిపోతున్నావు?" అన్నాడు.

"నేనెక్కడ వణుకుతున్నాను? ఇల్లు ఊగుతోంది!" అంది సుబ్బాయమ్మ.

ఆవిడ చూస్తే అచ్చమ్మ చేతిలో చెంబు ఊగుతోంది. ఏడుకొండలు చేతిలో గ్లాసు ఊగుతోంది. ఆలోచించే వంతు సుబ్బాయమ్మదే కాబట్టి ఆవిడే తేల్చింది: "భూకంపం!"

ఇంకేముంది, మంచాలు, కుండలు, పరుపులు, మలారం అన్నీ వీధిలోకి మోశారు. వీధిలోనూ ఊగుతోంది. అచ్చమ్మ కరెంటు స్తంభాన్ని వాటేసుకుంది. స్తంభం కూడా ఊగుతోందని కేక పెట్టింది. గవరయ్య ఒక్కడే నిలకడగా నిలబడి, "నాకేం తెలియడం లేదే" అన్నాడు.

"అయితే వీడున్నచోట భూమి గట్టిగా ఉందన్నమాట!" అని ముగ్గురూ పరుగెత్తుకొచ్చి, ఒకరు నడుం, ఒకరు భుజం, ఒకరు మెడ పట్టుకుని వేళ్ళాడారు. భూకంపం తగ్గేదాకా వదలొద్దనుకున్నారు. మధ్యమధ్య ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్ళి తమ వంతు గ్లాసు తాగి వస్తున్నారు కాబట్టి అది ఎంతకీ తగ్గలేదు.

శుక్రవారం వచ్చింది. గవరయ్య తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, మలారం భుజాన వేసుకున్నాడు. గంతలు మాత్రం విప్పలేదు. శ్రీమంతం ఇంట్లో వచ్చినవాళ్ళందరికీ కాఫీలిస్తారు. ఒక్క గ్లాసు కంట పడినా మూడు రోజుల బాధ మట్టిపాలు. దారి చూపించడానికి మిగతా ముగ్గురూ వెంట వచ్చారు.

వెంకాయమ్మగారి హాలు పట్టుచీరలతో నిండిపోయింది. మధ్యలో ఎత్తుపీట మీద హైమావతి, పక్కన నేల మీద చాపేసుకుని అవధానులు పంతులుగారు. గంతల గవరయ్యని చూసి వెంకాయమ్మగారు గతుక్కుమంది.

"ఇదేం వేషం గవరయ్యా? కళ్ళు కనబడకుండా గాజులెలా తొడుగుతావు?"

"ముప్పై ఏళ్ళ నుంచి చేతులతోనే తొడుగుతున్నానమ్మా. కళ్ళతో ఒక్కసారి కూడా తొడగలేదు" అన్నాడు గవరయ్య.

సరే చూద్దామని ఆవిడ తన చెయ్యే చాచింది. గవరయ్య అందుకుని ఒక గాజు తోశాడు. ఎక్కినట్టే తెలియలేదు. ఆవిడ గాజు వంక చూసుకుంది, నిశ్చలంగా ఉన్న అతని చేతుల వంక చూసింది. "మీ నాన్న చెయ్యే" అంది మెల్లిగా. గవరయ్యకి గంతలు తడిశాయి.

పంతులుగారు గొంతు సవరించుకుని పెద్ద మంత్రం అందుకున్నారు. "ఇది మొదలెట్టానంటే ముగిసేదాకా మధ్యలో ఇంకో మాట దొర్లకూడదు. దొర్లితే మళ్ళీ మొదటికి రావాలి" అని ముందే హెచ్చరించి మరీ అందుకున్నారు. గవరయ్య పీట ముందు కూచుని ఆకుపచ్చ గాజులు నలభై రెండూ తొడ మీద పేర్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వంటవాడు పెరట్లోంచి కేకేశాడు. "గంగాళం కాఫీ కలిపి చాలాసేపైందండి, చల్లారిపోతోంది! హాల్లోకి తేవడానికి ఎవరైనా సాయం పట్టండి!"

సాయం అనగానే గవరయ్య ఇంటివాళ్ళు ముగ్గురూ లేచారు. ఏడుకొండలు ఒక చెవి, సుబ్బాయమ్మ ఒక చెవి, అచ్చమ్మ అడుగు పట్టుకున్నారు. ముగ్గురి చేతులూ మూడు తీర్లుగా ఊగుతున్నాయి. గడప దాటారో లేదో, "మళ్ళీ భూకంపం!" అని సుబ్బాయమ్మ అరిచింది. భూకంపం వస్తే చేతిలో సామాను వదిలి పరుగెత్తాలని అచ్చమ్మకి తెలుసు. వదిలింది.

అంతే. చల్లారి గోరువెచ్చగా ఉన్న గంగాళం కాఫీ హాలంతా పారింది. పట్టుచీరలన్నీ కుచ్చిళ్ళు పైకెత్తుకుని కేకలేస్తూ పెరట్లోకి పరుగు. కడుపుతో ఉన్న పిల్ల ఎక్కడ జారుతుందోనని ఇద్దరు ఆడవాళ్ళు హైమావతిని అమాంతం ఎత్తుకుని తీసుకుపోయారు. పంతులుగారు మాత్రం ఎక్కడికీ పోలేదు. మంత్రం సగంలో ఉంది. చాప తడిసిపోతోంది, కొత్త పంచె. గభాలున లేచి, మంత్రం ఆపకుండానే, ఖాళీగా ఉన్న ఎత్తుపీట ఎక్కి బాసింపట్టు వేసుకుని, ఉత్తరీయం తడవకుండా ఒక చేత్తో పైకి పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాచి నిలదొక్కుకున్నారు.

కాఫీ పారుకుంటూ వచ్చి గవరయ్య పాదాలకి తగిలింది. ఆ వాసన! చిక్కటి డికాషను, మరిగిన పాలు, కొత్త బెల్లం. గవరయ్య ఒళ్ళు ఝల్లుమంది. ఒంగి ఒక్క దోసిలి పట్టుకుంటే చాలు, అడిగేవాడు లేడు. పళ్ళు బిగించాడు. "నువ్వెంత వెతుక్కుంటూ వచ్చినా నేను తాగను పో" అని కాఫీకే చెప్పేశాడు. చెప్పి చెయ్యి చాచాడు.

"చెయ్యివ్వు తల్లీ."

అందిన చెయ్యి అందుకున్నాడు. కొంచెం ఆశ్చర్యపోయాడు.

"ఏం తల్లీ, వారంలో చెయ్యి ఇంతలా వాచిందేమిటి? నీరు పట్టిందా? ఏడో నెలలో అంతేలే." ఒక గాజు తోశాడు. "వెంట్రుకలు కూడా వచ్చాయే! మొగపిల్లాడమ్మా, సందేహం లేదు."

పంతులుగారు గుడ్లు మిటకరించి చెయ్యి లాక్కోబోయారు. గవరయ్య పట్టు అది. ముప్పై ఏళ్ళ పట్టు. "బిడ్డ తన్నుతోందా అమ్మా? భయపడకు, ఓర్చుకో. నేను కాఫీకే ఓర్చుకున్నాను" అని బుజ్జగిస్తూ తోస్తున్నాడు. పంతులుగారు మంత్రాన్నే కేకలా అందుకున్నారు. స్వరం పెంచారు, ఇంకా పెంచారు. పెరట్లో ఆడవాళ్ళు, "పంతులుగారు ఇవాళ ఎంత శ్రద్ధగా చదువుతున్నారో!" అనుకుంటూ చీరలు పిండుకున్నారు. కుడిచేతికి ఇరవై ఒకటి. ఎడమచేతికి ఇరవై ఒకటి. అంత చెయ్యికి ఆ చిన్న గాజులు ఇంకెవరివల్లా అయ్యేది కాదు. ఒక్కటి చిట్లలేదు.

మంత్రం ముగియడం, ఆడవాళ్ళు లోపలికి రావడం ఒక్కసారే జరిగాయి. గవరయ్య సంబరంగా గంతలు విప్పేశాడు.

"అమ్మగారూ! నలభై రెండూ తొడిగాను, లెక్క చూసుకోండి! ఒక్కటంటే ఒక్కటి..." అని పీట మీదికి చూశాడు.

పంతులుగారు కదిలితే గాజులు గలగలమన్నాయి. మొదట హైమావతి నవ్వింది. నవ్వి నవ్వి, కడుపు పట్టుకుని గోడకి చేరగిలబడింది. ఆ పిల్ల అత్తింటి నుంచి వచ్చాక అంతలా నవ్వడం అదే మొదలు. కూతురు నవ్వుతుంటే వెంకాయమ్మగారు ఎంతసేపు బిగపట్టుకుంటుంది? ఆవిడా చతికిలపడింది.

మలారంలో ఎర్రగాజులున్నాయి. గవరయ్య ఈసారి కళ్ళు తెరుచుకునే హైమావతి చేతులకి ఇరవై ఒకటి, ఇరవై ఒకటి తొడిగాడు. చూడ్డానికి కాఫీ ఎక్కడా మిగల్లేదు కాబట్టి భయం లేకపోయింది. అవీ ఒక్కటి పగల్లేదు.

"మాటంటే మాటే. గడప నీదే గవరయ్యా" అంది వెంకాయమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ. గవరయ్య నిలువునా నీరైపోయి గడపకి దణ్ణం పెట్టాడు. అచ్చమ్మ వచ్చి, ఆ వణికే చేతులతోనే, కొడుకు మొహం తడిమి తడిమి ముద్దు పెట్టుకుంది.

"మీ గడప సంగతి సరే, నా సంగతేమిటిరా?" పంతులుగారు గాజుల చేతులు రెండూ పైకెత్తి ఆడించారు. సబ్బు రాశారు, ఆముదం రాశారు. మణికట్లు వాచాయి గాని గాజులు రాలేదు. "రోకలి తెండి, పగలగొట్టేస్తాను!"

"అయ్యయ్యో! శ్రీమంతం గాజులు పగలగొడతారా పంతులుగారూ!" అని అచ్చమ్మ ఆయన చేతులకి అడ్డం పడింది. "పురుడయ్యేదాకా ఉంచుకోవాలి. పురుడయ్యాక తీసి మంత్రసానికి ఇవ్వాలి. తమరికి తెలియని ఆచారమా?"

పంతులుగారి మొహం చూస్తే గవరయ్యకి జాలేసింది. మెల్లిగా దగ్గరికి జరిగి, ఆడవాళ్ళెవరికీ వినబడకుండా చెవిలో అన్నాడు:

"సిగ్గుపడకండి పంతులుగారూ. ఎన్నో నెలో చెప్పండి, ఆ వేళకి నేనే వచ్చి ఒక్కటి కూడా పగలకుండా తీసిస్తాను."